ఆఫీసు ఉద్యోగం, టెరిటోరియల్ ఆర్మీ సేవ: రెండూ ఒకే సర్వీసు రిజిస్టరులో ఇమడాలంటే

కర్నూలు, అనంతపురం, కడప వైపు ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ టెరిటోరియల్ ఆర్మీలో చేరాలనుకునేవాళ్ళకు పరీక్ష గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. ఎంపికైన తర్వాత ఏటా రెండు నెలలు ఆఫీసు వదిలి వెళ్ళిరావడం ఎలా, ఆ రెండు నెలల జీతం ఎవరిస్తారు, ఇంక్రిమెంటు ఏమవుతుంది, సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పింఛను పథకం) కోత ఆగితే ఏం చేయాలి అన్నవి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. చేరాక వచ్చే తిప్పలన్నీ అక్కడే ఉంటాయి. అందుకని ఈ పోస్టులో సిలబస్ జోలికి పోకుండా కాగితాల సంగతే ఎక్కువ రాస్తున్నాను.

ముందు అసలు విషయం. టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) చట్టం 1948లో వచ్చింది. 1949 అక్టోబరు 9న నాటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీన్ని ప్రారంభించారు. అందుకే ఏటా ఆ రోజును టీఏ దినంగా జరుపుతారు. వేరే ఉపాధి ఉన్న పౌరులు ఏడాదిలో కొంతకాలం సైనికులుగా పనిచేయడం దీని పద్ధతి. వయసు 18 నుంచి 42 ఏళ్ళు. ఆఫీసరుగా చేరాలంటే డిగ్రీతో పాటు సొంత సంపాదన ఉండాలి. నిరుద్యోగికి ఇది ఉద్యోగం ఇవ్వదు. ఈ మాట నోటిఫికేషన్లోనే ఉంటుంది గానీ చాలామంది చదవరు.

పోలీసు, పారామిలిటరీ, అలాంటి ఇతర బలగాల్లో ఉన్నవాళ్ళు అర్హులు కారు. అంటే కర్నూలు ఏపీఎస్పీ రెండో బెటాలియన్‌లో కానిస్టేబులుగా ఉన్న అబ్బాయి దరఖాస్తు చేసి లాభం లేదు. అదే ఊళ్ళో కలెక్టరేట్ జూనియర్ అసిస్టెంటు, జెడ్పీ హైస్కూలు టీచరు, గ్రామ సచివాలయ ఇంజినీరింగ్ అసిస్టెంటు చేయొచ్చు. ధోనీ, కపిల్‌దేవ్‌లకు ఉన్నది గౌరవ హోదా. సచిన్ పైలట్, అనురాగ్ ఠాకూర్‌లు మాత్రం ఎంపికై కమిషన్ పొందినవాళ్ళు. ప్రజాప్రతినిధులుగా ఉంటూనే చేరారు కాబట్టి, "ప్రభుత్వంలో ఉండి ఇదెలా కుదురుతుంది సార్?" అని సెక్షన్లో ఎవరైనా అడిగితే వాళ్ళిద్దరి ఉదాహరణ పనికొస్తుంది.

మనకు దగ్గర్లోని పదాతి దళం సికింద్రాబాద్‌లోని 125 ఇన్‌ఫెంట్రీ బెటాలియన్ (టీఏ) గార్డ్స్. కోయంబత్తూరులో 110 మద్రాస్, బెళగావిలో 115 మహార్ ఉన్నాయి. జవాన్లను ర్యాలీల్లో తీసుకుంటారు. ఆఫీసర్లకు దగ్గర్లోని యూనిట్ వస్తుందన్న హామీ లేదు. గుంతకల్లు డివిజన్ రైల్వే ఉద్యోగులకు ఒక మాట. రైల్వే టీఏ రెజిమెంట్లు ఒకప్పుడు ఆరు ఉండేవి. జమాల్‌పూర్‌ది తప్ప మిగతా ఐదింటినీ తీసేయాలని 2021లో రైల్వే నిర్ణయించింది. కాబట్టి నాన్నగారి కాలంలో ఉన్న దారి ఇప్పుడూ ఉందనుకుని బయలుదేరకండి.

ఎన్ని నెలలు పోతాయి

"ఏడాదికి రెండు నెలలే కదా" అన్నది సగం నిజం. ఆఫీసరుగా కమిషన్ వచ్చాక ఒక నెల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. మొదటి ఏడాదితో కలిపి ప్రతి ఏడాదీ రెండు నెలల వార్షిక శిక్షణ శిబిరం, దాన్నే ఏటీసీ అంటారు. మొదటి రెండేళ్ళలోపు మూడు నెలల పోస్ట్ కమిషన్ శిక్షణ వేరే. కూడి చూడండి: ఒకటి, రెండు, రెండు, మూడు. మొదటి 24 నెలల్లో 8 నెలలు ఆఫీసుకు దూరం. ఈ లెక్క మీ పై అధికారికి ముందే చెప్పకపోతే, యూనిట్ నుంచి మూడో పిలుపు ఉత్తరం వచ్చేసరికి ఆయన ముఖం మారిపోతుంది. అందులో ఆయన తప్పేమీ లేదు.

దీనికి తోడు ఎంబాడిమెంట్ ఉంది. శిక్షణకు గానీ, రెగ్యులర్ సైన్యానికి తోడుగా గానీ యూనిట్‌ను పిలిచి పూర్తికాలం సేవలోకి తీసుకోవడాన్ని ఎంబాడీ చేయడం అంటారు. సైన్యానికి తోడుగా పిలిస్తే అది నెలల్లో ముగియకపోవచ్చు. 2025 మే 6న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ఇందుకు మంచి ఉదాహరణ. టీఏ నిబంధనల్లోని 33వ నిబంధన కింద ఆఫీసర్లను, జవాన్లను పిలిచే అధికారాన్ని సైనిక ప్రధానాధికారికి ఇచ్చింది. ఉన్న 32 పదాతి బెటాలియన్లలో 14ని వివిధ కమాండ్ల పరిధిలో ఎంబాడీ చేయడానికి అనుమతించింది. దాని గడువు 2025 ఫిబ్రవరి 10 నుంచి 2028 ఫిబ్రవరి 9 వరకు, అంటే మూడేళ్ళు. చేరేవాళ్ళు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసింది ఈ మూడేళ్ళ సంగతి. రెండు నెలలు ఎవరైనా సర్దుకుంటారు.

దరఖాస్తుకు ముందు

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళు ఆగడం మంచిది. మన రాష్ట్ర సబార్డినేట్ సర్వీసు నిబంధనల ప్రకారం నేరుగా నియమితులైనవాళ్ళు మూడేళ్ళ నిరంతర కాలంలో రెండేళ్ళు డ్యూటీ చేస్తేనే ప్రొబేషన్ పూర్తవుతుంది. పైన చెప్పిన 8 నెలలు ఆ రెండేళ్ళ మీద పడితే, దాన్ని డ్యూటీగా లెక్కించాలా వద్దా అన్న ప్రశ్నతో ఫైలు తిరుగుతూనే ఉంటుంది. ప్రొబేషన్ పూర్తయిందన్న డిక్లరేషన్ చేతికొచ్చాక దరఖాస్తు చేస్తే ఆ బాధ ఉండదు. 42 ఏళ్ళ దాకా వయసుంది కాబట్టి చాలామందికి తొందర అక్కర్లేదు.

ఎన్వోసీ (నిరభ్యంతర పత్రం) విషయంలో జరిగే పొరపాటు ఒకటుంది. ఆఫీసుల్లో అలవాటైన ఎన్వోసీ పాస్‌పోర్టుకో, పోటీ పరీక్షకో ఇచ్చేది. అదే నమూనాలో పేరు మార్చి "పరీక్ష రాయడానికి అభ్యంతరం లేదు" అని ఇచ్చేస్తారు. టీఏకు అది చాలదు. మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఈ ఉద్యోగి టెరిటోరియల్ ఆర్మీలో చేరడానికి అనుమతి ఇస్తున్నట్టు, శిక్షణకు గానీ ఎంబాడిమెంట్‌కు గానీ పిలిచినప్పుడు రిలీవ్ చేస్తామన్నట్టు, ఆ కాలాన్ని సర్వీసులో ఎలా లెక్కిస్తారో, ఏ ఉత్తర్వు ప్రకారమో. మూడోది రాయించుకోవడం కష్టం. కానీ చేరాక ప్రతి ఏడాదీ పోరాడేకన్నా ఇప్పుడు నెల రోజులు తిరగడం నయం.

ఎవరు ఇవ్వాలన్నది ఇంకో చిక్కు. సంతకం నియామక అధికారిదై ఉంటే తర్వాత ఎవరూ వేలెత్తి చూపరు. మండలంలో పనిచేసే అధికారి ఇచ్చిన కాగితం జిల్లా ఆఫీసులో నిలబడకపోవచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇది మరింత ముదిరింది. ఇప్పుడు నంద్యాలలో పనిచేస్తున్నవాళ్ళ నియామక ఫైలు కర్నూలులో, పుట్టపర్తి వైపు ఉన్నవాళ్ళది అనంతపురంలో ఉండిపోయే అవకాశం ఉంది. మీ నియామక పత్రం మీద ఎవరి సంతకం ఉందో చూసుకుని, ఆ కుర్చీ ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో కనుక్కుని అక్కడికి ఫైలు నడపండి. ఈ-ఆఫీసు ఫైలు నంబరు అడిగి రాసి పెట్టుకోండి. నంబరు లేకుండా వెళ్తే "చూస్తాం లేప్పా" అంటారు, నంబరు చెబితే ఏ టేబులు మీద ఉందో చెప్పక తప్పదు.

ఆఫీసర్లను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్ఎస్‌బీ) ఇంటర్వ్యూ అయిదు రోజులు. బెంగళూరు కేంద్రం వస్తే అనంతపురం వాళ్ళకు హైవే ఎక్కితే సరిపోతుంది. భోపాల్ వస్తే ప్రయాణంతో కలిపి తొమ్మిది, పది రోజులు పెట్టుకోవాలి. రాత పరీక్ష, ఎస్ఎస్‌బీ, వైద్య పరీక్ష, ఈ మూడింటికీ మీ సొంత సెలవులే వాడాలి. అప్పటికి మీరింకా అభ్యర్థే. కమిషన్ లేదా ఎన్‌రోల్‌మెంట్ తేదీ తర్వాతే సైనిక సేవ లెక్క మొదలవుతుంది. ఇక్కడ ఈఎల్ (ఆర్జిత సెలవు) ఖర్చయితే పోనీ అనుకోండి, అది సబబైన ఖర్చే.

శిబిరానికి వెళ్ళేటప్పుడు

యూనిట్ నుంచి పిలుపు ఉత్తరం వచ్చిన రోజే రెండు కాపీలు తీసి, కవరింగ్ లెటరుతో ఆఫీసులో ఇచ్చి ఇన్వర్డ్ నంబరు వేయించుకోండి. వాట్సాప్‌లో పై అధికారికి ఫొటో పెట్టి "చెప్పాను" అనుకోవడం చాలదు. ఆయన బదిలీ అయితే ఆ ఫొటో ఆయనతోనే పోతుంది.

రిలీవింగ్ ఉత్తర్వులో "సెలవుపై" అన్న మాట పడకుండా చూడండి. ఈ పోస్టు మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. "టెరిటోరియల్ ఆర్మీ వార్షిక శిక్షణ నిమిత్తం ఫలానా తేదీ మధ్యాహ్నం రిలీవ్ చేయడమైనది" అని ఉండాలి, కింద యూనిట్ ఉత్తరం నంబరు, తేదీ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ కాలాన్ని ఇంక్రిమెంటుకు, సెలవుకు, పింఛనుకు డ్యూటీగా చూసే ఉత్తర్వులు ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. రాష్ట్ర ఉద్యోగులు తమ శాఖకు వర్తించే జీవో నంబరు, తేదీ పట్టుకుని అదే ఉత్తర్వులో రాయించుకోవాలి. సూపరింటెండెంటు "జీవో చూపించండి" అని అడిగితే కోపం తెచ్చుకోకండి. రేపు ఆడిట్‌కు జవాబు చెప్పాల్సింది ఆయనే.

జీవో వెతికే ఓపిక లేక, "ఈసారికి జీతం లేని సెలవు పెట్టుకోండి, తర్వాత సరిచేద్దాం" అన్న మాటకు తల ఊపితే ఏమవుతుందో లెక్క చూడండి. 60 రోజులు అసాధారణ సెలవుగా నమోదైతే ఇంక్రిమెంటు 60 రోజులు వెనక్కి జరుగుతుంది. జులైలో రావాల్సింది ఆగస్టుకో సెప్టెంబరుకో పోతుంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అక్కడే ఉంటుంది, మళ్ళీ ముందుకు రాదు. తర్వాతి అర్ధ సంవత్సరం జమయ్యే 15 రోజుల ఈఎల్‌లో పదో వంతు చొప్పున 6 రోజులు కోత పడుతుంది. సీపీఎస్ ఉద్యోగికి మూలవేతనం, డీఏ మీద కోసే 10 శాతం ఆగుతుంది, దానితో పాటే ప్రభుత్వం కలిపే 10 శాతమూ ఆగుతుంది. ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా) ప్రీమియం రెండు నెలలు బాకీ పడి దాని మీద వడ్డీ నడుస్తుంది. అయిదేళ్ళు ఇలాగే గడిస్తే ఇంక్రిమెంటు తేదీ దాదాపు 10 నెలలు జరిగిపోతుంది. "తర్వాత సరిచేద్దాం" అన్నవాళ్ళు అప్పటికి ఆ సీట్లో ఉండరు.

సొంత ఈఎల్ పెట్టి వెళ్ళడం కూడా తప్పే. మొదటి ఏడాది సులువుగా అనిపిస్తుంది. ఏడాదికి 30 జమవుతాయి, శిబిరానికి 60 పోతాయి, కాబట్టి ఖాతా ఎన్నేళ్ళు ఆడుతుందో మీరే చెప్పగలరు. పైగా ఈఎల్ జీతం ఇక్కడ తీసుకుంటూ అక్కడ సైనిక వేతనం తీసుకుంటే ఒకే రోజుకు రెండు ఖజానాల నుంచి జీతం తీసుకున్నట్టవుతుంది. అది బయటపడితే రికవరీతో పోదు, క్రమశిక్షణ చర్య కూడా వస్తుంది.

ఛార్జి అప్పగింత ఎక్కడికక్కడ వేరుగా ఉంటుంది, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు అయితే ఒకటో తేదీ పింఛన్ల పంపిణీ ఉంటుంది. మీ పేరు మీద ఉన్న పింఛనుదారులను నెలాఖరుకు ముందే వేరొకరి లాగిన్‌కు మార్పించకపోతే, ఒకటో తేదీ పొద్దున ఆ ముసలివాళ్ళు గడప దగ్గర కూర్చుని ఎదురుచూస్తారు. వ్యవసాయ సహాయకులైతే ఖరీఫ్‌లో ఈ-పంట నమోదు. అనంతపురం వైపు వేరుశనగ విత్తు పడ్డాక ఆ పని వాయిదా వేయలేం, నమోదు కాకపోతే రైతుకు నష్టం. ఇంజినీరింగ్ అసిస్టెంటైతే ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) కొలతలు రాసి సంతకం పెట్టి వెళ్ళాలి, సగం రాసిన ఎం-బుక్‌ను తర్వాతివాళ్ళు ముట్టుకోరు. టీచరైతే యూనిట్‌ను వేసవిలో శిబిరం ఇవ్వమని అడిగి చూడొచ్చు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ 12న బడి తెరిచే దాకా పిల్లలకు నష్టం ఉండదు. అయితే తేదీలు యూనిట్ నిర్ణయిస్తుంది, అడగడం వరకే మన పని.

అందరికీ వర్తించేది ఒకటుంది. ముఖ హాజరు యాప్‌లో శిబిరం రోజులు నమోదు కాకపోతే 60 రోజులూ గైర్హాజరు చూపిస్తుంది. రిలీవింగ్ ఉత్తర్వు అయిన రోజే లాగిన్ ఉన్నవాళ్ళతో పెట్టించండి. వెనక్కి వచ్చాక పెట్టిస్తామంటే పాత తేదీలు సిస్టం తీసుకోదని చెప్పి మళ్ళీ ఒక ఫైలు మొదలవుతుంది.

ఎన్నికల డ్యూటీ శిబిరం మీద పడితే ఆ ఉత్తర్వును పట్టించుకోకుండా వెళ్ళిపోవడం ప్రమాదం. ప్రజాప్రాతినిధ్య చట్టం కింద డ్యూటీ ఎగ్గొట్టడం శిక్షార్హం. యూనిట్ ఉత్తరం జతచేసి జిల్లా ఎన్నికల విభాగంలో లిఖితపూర్వకంగా మినహాయింపు తీసుకుని, ఆ కాపీతోనే రైలెక్కండి. జనగణన విధులకూ ఇదే పద్ధతి.

ప్రమోషన్ మీద కళ్ళున్నవాళ్ళు డిపార్ట్‌మెంటల్ టెస్టులు ముందే ముగించాలి. ఏపీపీఎస్సీ ఇవి ఏడాదికి రెండు సెషన్లలో పెడుతుంది. టీచర్లకు కావలసిన ఈవోటీ (పేపరు కోడ్ 141), జీవోటీ (88, 97) పరీక్షలు ఒక్క శిబిరం వల్ల తప్పిపోతే ఆరు నెలలు ఆగాలి. మన రాష్ట్రంలో ప్రమోషన్ల జాబితా వేసే ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకు. ఆ ఆరు నెలలు ఒక ప్యానెల్‌నే మింగేయొచ్చు. అందుకే టీఏ దరఖాస్తుకు ముందే టెస్టులు పాసై ఉండటం మంచిదని గట్టిగా చెబుతాను.

జీతం, పన్ను

సైనిక సేవలో ఉన్న రోజులకు రెగ్యులర్ సైన్యంతో సమానంగా వేతనం, భత్యాలు వస్తాయి. లెఫ్టినెంటుకు లెవెల్ 10లో 56,100 మొదటి మెట్టు, మిలిటరీ సర్వీస్ పే 15,500 అదనం, డీఏ వేరే. రాష్ట్ర 2022 పేస్కేళ్ళలో జూనియర్ అసిస్టెంటుది 25,220 దగ్గర, ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు)ది 32,670 దగ్గర మొదలవుతుంది. ఆఫీసరుగా వెళ్ళేవాళ్ళకు ఆ రెండు నెలలు ఎక్కువే వస్తుంది. జవానుగా వెళ్ళే టీచరుకు లెక్క తిరగబడుతుంది. సిపాయి మొదటి మెట్టు 21,700, మిలిటరీ సర్వీస్ పే 5,200. సీనియర్ టీచరు ఇంటి రుణం ఈఎంఐ కట్టుకోవాలంటే ఈ తేడా ముందే లెక్కేసుకోవాలి. రెండింట్లో ఎక్కువైనది ఇవ్వాలన్నా, తేడా మాత్రం సివిల్ వైపు నుంచి ఇవ్వాలన్నా దానికి ఉత్తర్వు కావాలి. జీతాలు డ్రా చేసే అధికారి, అంటే డీడీఓ, జాలిపడి ఇవ్వగలిగింది కాదు.

వెళ్ళేముందు డీడీఓ నుంచి ఎల్పీసీ (చివరి జీతం ధ్రువపత్రం) తీసుకోండి. జీతం ఏ తేదీ వరకు ఇచ్చారో, కోతలు ఏవేవో అందులో ఉంటాయి. జీతం బిల్లులు నెలాఖరుకు ముందే సిద్ధమవుతాయి కాబట్టి 25 తర్వాత రిలీవ్ అయితే పూర్తి నెల జీతం పడిపోయే ప్రమాదం ఉంది. బిల్లు పెట్టే గుమాస్తాకు రిలీవింగ్ తేదీ నోటితో కూడా చెప్పండి. తిరిగొచ్చాక యూనిట్ నుంచి చెల్లింపు వివరాలు తెచ్చి ఇస్తేనే ఇక్కడ జీతం మళ్ళీ మొదలవుతుంది. ఇది మర్చిపోయి ఊరికొచ్చి, మళ్ళీ సికింద్రాబాద్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేయడం పరిపాటి.

ఆదాయపన్నులో ఇద్దరు యజమానులున్న చిక్కు వస్తుంది. ఆఫీసర్ల వేతనం పుణెలోని ప్రత్యేక రక్షణ ఖాతాల కార్యాలయం నుంచి వస్తుంది. వాళ్ళు రెండు నెలల వేతనమే చూసి పన్ను కోయకపోవచ్చు. ఇక్కడ డీడీఓ పది నెలలే చూస్తారు. కొత్త పన్ను విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు, పన్ను లేని మొదటి స్లాబు, రెండు చోట్లా రెండుసార్లు లెక్కలోకి వచ్చేస్తాయి. రిటర్ను వేసేటప్పుడు రెండు ఫారం 16లు కలిపితే ఒక్కసారిగా బాకీ తేలుతుంది. అది 10,000 దాటితే ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ కూడా. మందు తేలికే: జనవరిలో డీడీఓకు సైనిక వేతనం వివరాలు రాసిచ్చి, ఫిబ్రవరి జీతంలోనే మొత్తం పన్ను కోయమనాలి.

ఒంటి సంగతి కొంచెం

ర్యాలీకి వెళ్ళే జవాను అభ్యర్థులకు ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు, ఛాతీ 77, పీల్చినప్పుడు 82 ఉండాలి. కుర్చీ ఉద్యోగంలో పదేళ్ళు గడిచాక నడుము చుట్టుకొలత పెరిగి, ఆ అయిదు సెంటీమీటర్ల వ్యాకోచం తగ్గిపోతుంది. ఆఫీసర్లకు వైద్య పరీక్షలో షేప్-1 (పూర్తి ఆరోగ్య శ్రేణి) రావాలి. పళ్ళకు కూడా పాయింట్లు వేస్తారు, కనీసం 14 ఉండాలి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మన ప్రాంతం వాళ్ళు దంతవైద్యుడికి ఆరు నెలల ముందే చూపించుకుని, పుచ్చిన పళ్ళకు చికిత్స చేయించుకోవాలి. పరుగు సాధన ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారి అయిదున్నరలోపు ముగించండి. ఎనిమిదింటికి అనంతపురం ఎండలో పరుగెత్తితే మోకాళ్ళ కంటే ముందు నీరసం పడగొడుతుంది. శిబిరానికి వెళ్ళబోయే రెండు నెలల ముందు నుంచి బూట్లు వేసుకుని నడవడం అలవాటు చేసుకోకపోతే మొదటి వారమే బొబ్బలతో కూర్చోవాలి.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

ఆఫీసులో ఇబ్బంది వస్తే చూపించాల్సినవి 1948 చట్టంలో 7ఏ, 7బీ సెక్షన్లు. సైనిక సేవ ముగిశాక ఉద్యోగిని మునుపటి కంటే తక్కువ కాని షరతులతో తిరిగి తీసుకోవడం యజమాని బాధ్యత అని 7ఏ చెబుతుంది. కాదంటే విషయం నిర్ణీత అధికారి దగ్గరకు వెళ్తుంది. ఆయన తిరిగి తీసుకోమనవచ్చు, లేదా ఆరు నెలల వేతనం మించకుండా పరిహారం ఇప్పించవచ్చు. ఆ ఆదేశాన్ని ధిక్కరిస్తే 1,000 రూపాయల దాకా జరిమానా. మొత్తం చిన్నదే, అప్పటి కాలం నాటిది. కానీ పిలుపు వచ్చాక ఉద్యోగం తీసేస్తే, బాధ్యత తప్పించుకోవడానికే తీసేసినట్టు చట్టం భావిస్తుంది. ప్రైవేటు ఉద్యోగులకు ఇది పెద్ద అండ. 7బీ భవిష్యనిధి, పింఛను నిధి హక్కులను కాపాడుతుంది.

అయితే ఒక గడువుంది. సేవ ముగిసిన రెండు నెలల్లోగా తిరిగి చేరడానికి మీరు అడగకపోతే, ఆ మాట యజమానికి రక్షణ అవుతుంది. ఎంబాడిమెంట్ ముగిసి ఇంటికొచ్చి, పెళ్ళిళ్ళు, తిరుమల అన్నీ చూసుకుని వెళ్దాంలే అనుకోకండి. మర్నాడే జాయినింగ్ రిపోర్టు ఇవ్వండి. సీటు ఖాళీ లేదన్నా సరే, రిపోర్టు ఇచ్చి రసీదు తీసుకోండి.

టీఏ పింఛను మీద ఆశ పెట్టుకునేవాళ్ళకు ఇంకో లెక్క చెప్పాలి. ఆఫీసరుకు 20 ఏళ్ళు, జవానుకు 15 ఏళ్ళు ఎంబాడీ అయిన సేవ ఉండాలి. ఏడాదికి రెండు నెలల శిబిరాలు ఇరవై ఏళ్ళు క్రమం తప్పకుండా చేసినా వచ్చేది 40 నెలలు, అంటే మూడేళ్ళ నాలుగు నెలలు. ఏళ్ళ తరబడి ఎంబాడిమెంట్‌లో ఉంటే తప్ప ఆ పింఛను రాదు. మీ వృద్ధాప్యానికి ఆధారం సివిల్ ఉద్యోగపు రికార్డే. అందుకే ఆ రికార్డులో ఒక్క రోజు కూడా గల్లంతు కాకూడదు.

తిరిగొచ్చిన రోజు తేదీలు కలవడం చూసుకోండి. యూనిట్ ఇచ్చే ధ్రువపత్రంలో మొదటి, చివరి తేదీలు ఉంటాయి, ప్రయాణ దినాలు మూవ్‌మెంట్ ఆర్డరులో ఉంటాయి. శిబిరం శనివారం ముగిసి, రాత్రి కాచిగూడలో వెంకటాద్రి ఎక్కి కడప చేరి, సోమవారం పొద్దున చేరితే మధ్యలో ఆదివారం ఎక్కడిది అని ఆడిట్ అడుగుతుంది. జాయినింగ్ రిపోర్టులో ఆ రోజును ప్రయాణంగానో, సెలవు దినంగానో పేరు పెట్టి రాయండి.

చివరగా ఎస్సార్ (సర్వీసు రిజిస్టరు) నమోదు. ఇలా ఉండేటట్టు డీడీఓను అడగండి: "టెరిటోరియల్ ఆర్మీ వార్షిక శిక్షణ నిమిత్తం ఫలానా తేదీ మధ్యాహ్నం నుంచి ఫలానా తేదీ ఉదయం వరకు సైనిక సేవలో ఉన్నారు. యూనిట్ ధ్రువపత్రం నంబరు, తేదీ. ఈ కాలం ఫలానా జీవో ప్రకారం ఇంక్రిమెంటు, సెలవు, పింఛనులకు డ్యూటీగా లెక్కించడమైనది." కింద డీడీఓ సంతకం, ముద్ర, తేదీ. ఆ పేజీ ఫొటో తీసుకుని, ధ్రువపత్రం నకలుతో కలిపి ఏడాది వారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి. మరుసటి ఏడాది పిలుపు ఉత్తరంతో పాటు ఆ పాత పేజీ నకలు కూడా జతచేస్తే, కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు జీవో అడగాల్సిన పని ఉండదు.